భుజం ఎందుకు వాలింది?

ఎడమ చంకన నీళ్లబిందె పెట్టుకుని నడిచే ఆడమనిషిని ఒకసారి వెనక నుంచి చూడండి. నడుం కుడివైపు ఒరిగి ఉంటుంది. కుడిచెయ్యి ఒంటికి ఎడంగా చాపి ఉంటుంది. అలా నడవమని ఆమెకెవరూ చెప్పలేదు. ఆత్మకూరు, ఉదయగిరి మెట్ట పల్లెల్లో బిందెలు మోసిన వాళ్లెవరికైనా ఈ విద్య పుట్టుకతోనే వచ్చినట్టుంటుంది. బరువు ఒకవైపు చేరితే ఒళ్లు రెండోవైపు జరుగుతుంది... అంతే లెక్క!

బిందె దించేస్తే నడుం నిలువుగా వస్తుంది. మరి దించడానికి వీల్లేని బరువైతే? లేదా ఏళ్ల తరబడి ఒంట్లో భాగంగా ఉన్న బరువు ఒకవైపు ఉన్నట్టుండి పోతే?

మొదటి ప్రశ్న రొమ్ము ఇంప్లాంట్లు పెట్టించుకున్నవాళ్లది. రెండోది క్యాన్సర్ వచ్చి రొమ్ము తీయించుకున్నవాళ్లది. మొదటి సంగతి సినిమా పేజీల్లో బోలెడంత దొరుకుతుంది. రెండోది ఇంట్లోవాళ్ల దగ్గర కూడా నోరు దాటి రాదు.

పాల ప్యాకెట్టంత బరువు

సిలికాన్ ఇంప్లాంటు పుట్టింది 1962లో, అమెరికాలోని హ్యూస్టన్‌లో. థామస్ క్రోనిన్, ఫ్రాంక్ జెరో అనే సర్జన్లు తొలిసారి అమర్చారు. సిలికాన్ జెల్ బరువు ఇంచుమించు నీళ్లంతే. 300 మిల్లీలీటర్ల ఇంప్లాంటు అంటే సుమారు 300 గ్రాములు. రెండూ కలిపితే అర లీటరు పాల ప్యాకెట్టు కన్నా కాస్త ఎక్కువ.

ఆ మాత్రం బరువుకే మనిషి ముందుకు తూలిపోతుందనుకోవడం హాస్యం. గర్భిణికి తొమ్మిది నెలల్లో పది పన్నెండు కిలోలు పెరుగుతాయి. అందులో చాలా భాగం ముందువైపే. అయినా పడిపోదు, నడుం కాస్త వెనక్కి వాల్చి నడుస్తుంది. ఆ వాలే ఒడుపు వెన్నెముకలోనే ఉందని 2007లో ‘నేచర్’ పత్రికలో ఓ పరిశోధన వచ్చింది. నడుం వంపు దగ్గర కాస్త ఏటవాలుగా ఉండే పూసలు మగవాళ్లకి రెండయితే ఆడవాళ్లకి మూడట! మోసే పని ఎవరిదో ప్రకృతి ముందే నిర్ణయించేసిందన్నమాట.

కాకపోతే ప్రసవంతో ఆ బరువు దిగుతుంది. ఇంప్లాంటు దిగదు. వెన్నుకి ముందు ఎప్పుడూ వేలాడుతూ ఉండే బరువుని మెడ, రెక్కల మధ్య కండరాలు వెనక్కి పట్టి ఉంచాలి. సైజు పెద్దదై మనిషి సన్నగా ఉంటే వాటికి విశ్రాంతి తక్కువ. భుజాలు ముందుకి గుండ్రంగా వంగడం, తల ముందుకి రావడం, సాయంత్రానికి వీపు లాగడం... ఇవి ఆ లెక్కలోవే. ఛాతీ కండరం కింద అమర్చినప్పుడు ఆ కండరం బిగిసి, మొదటి కొన్ని వారాలు భుజాలు ముందుకి లాగినట్టుంటాయి.

సహజంగానే రొమ్ములు బాగా బరువుగా ఉన్నవాళ్లదీ ఇదే బాధ. తగ్గించే ఆపరేషన్ చేయించుకున్నాక మెడనొప్పి, వీపునొప్పి తగ్గిన అనుభవం వైద్యులకి బాగా తెలిసిందే. ఇక బరువుతో పనిలేకుండా సిగ్గుతోనే గూని తెచ్చుకునే పద్నాలుగేళ్ల ఆడపిల్లలు ప్రతి వీధిలోనూ ఉంటారు. ‘నిటారుగా నిలబడవే’ అని కసిరే అమ్మలూ ఉంటారు. ఆ పిల్ల ఏం దాచుకుంటోందో అమ్మకి తెలియదా?

ఒకవైపు ఖాళీ అయితే...

క్యాన్సర్ ఆపరేషన్ మాట వేరు. ఇక్కడ బరువు పోయేది ఒకవైపే. దానికి తోడు కుట్ల దగ్గర చర్మం బిగుస్తుంది. నొప్పికి భయపడి ఆ చెయ్యి కదపరు. పైగా పైట! ఖాళీ కనపడకుండా పమిటని ముందుకి లాక్కుని, భుజం ముడుచుకుని కూర్చోవడం అలవాటవుతుంది. నెలలు గడిచేసరికి కొందరికి ఆ వైపు భుజం వాలుతుంది, కొందరికి పైకి లేస్తుంది. ఒళ్లు కొద్దిగా ఒక పక్కకి తిరుగుతుంది. రొమ్ము చిన్నదైతే తేడా తెలియకపోవచ్చు. పెద్దదైతే మెడ, నడుం చెబుతాయి.

ఉద్యోగం చేసుకునే మనిషి ఎలాగో సర్దుకుంటుంది. నాట్లకి వంగాల్సిన మనిషి, గడ్డిమోపు తలకెత్తుకోవాల్సిన మనిషి ఏం చేయాలి? చంకలోని లింఫు గ్రంథులు కూడా తీసేస్తే చెయ్యి వాచే ప్రమాదం ఉంది. ఆ చేతికి కొడవలి గాటు పడినా, ముల్లు గుచ్చుకున్నా తేలిగ్గా తీసుకోకూడదు. అలాగని పనే మానేయమని కాదు. బరువులు కొద్దికొద్దిగా పెంచుకుంటూ వెళ్లమన్నదే ఇప్పటి వైద్యం.

ఈ ప్రాంతం నుంచి వైద్యానికి నెల్లూరు పోవాలి. అక్కడ కాదంటే తిరుపతి, లేదంటే మద్రాసు. చెల్లెల్ని క్యాన్సర్‌కి పోగొట్టుకున్న డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి 1954లో అడయారులో మొదలుపెట్టిన ఆసుపత్రి నేటికీ పేదలకి దిక్కు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవగా ఉన్న పథకం క్యాన్సర్ ఆపరేషన్ ఖర్చుని భరిస్తుంది. ప్రాణం దక్కింది కదా, ఇక భుజం సంగతెవరికి పట్టింది అన్నట్టుంటుంది ఆ తర్వాత!

మార్గాలు లేకపోలేదు. పొట్ట దగ్గరి కండతోనో ఇంప్లాంటుతోనో రొమ్ముని మళ్లీ రూపొందించే ఆపరేషన్లున్నాయి. అది వద్దనుకుంటే లోదుస్తుల్లో పెట్టుకునే కృత్రిమ రొమ్ము ఉంది. మొదట్లో దూదితో చేసిన తేలికపాటిది వాడతారు. పుండు పూర్తిగా మానాక, ఆరు నుంచి ఎనిమిది వారాలకి, బరువున్న సిలికాన్‌ది. ఖరీదు వేలల్లోనే. అంత పెట్టలేనివాళ్లు మెత్తటి నూలుగుడ్డతో సంచి కుట్టి, మధ్యలో చిన్న పొట్లంలో గింజలు పోసి, చుట్టూ దూది కూరుకోవచ్చు. అద్దం ముందు నిలబడి రెండు భుజాలూ ఒక్క వరసలోకి వచ్చేదాకా గింజలు కలపడమే కొలత. చెమటకి తడుస్తాయి కాబట్టి తరచూ మార్చాలి. ఏదీ పెట్టుకోకుండా హాయిగా తిరిగేవాళ్లూ ఉన్నారు, అదీ తప్పు కాదు.

డాక్టరు సరేనన్నాక గోడకి ఎదురుగా నిలబడి వేళ్లతో మెల్లగా పైకి పాకించడం, రెక్కల ఎముకలు వెనక్కి దగ్గరగా తెచ్చి వదలడం రోజూ చేస్తే చెయ్యి సాగుతుంది, భుజం దారికొస్తుంది.

భుజంలో తేడా ముందుగా పట్టేది టైలరు. జాకెట్టు ఒకవైపు జారుతోందంటే అతనికి తెలిసిపోతుంది. లోపల చిన్న జేబు కుట్టడం అతనికి పది నిమిషాల పని. అడగడానికే ఆమెకి నోరు రాదు. ఆ రోజు కూతురో కోడలో వెంట వెళ్లి, ఆ మాటేదో తనే చెప్పేస్తే సరి.