ముందు వరస ఖరీదెంత?

పోయిన చలికాలంలో మా కళాశాల పిల్లల్ని నలభై అయిదుమందిని వెంటబెట్టుకుని హైదరాబాదు శివార్లలోని ఒక వినోదాల తోటకు వెళ్లాను. వెళ్లాననడం కంటే తీసుకుపోబడ్డాననడం న్యాయం. తెలుగు పాఠం చెప్పుకునేవాడికి ఆ రాట్నాలతో, జారుడుబల్లలతో ఏం పని? విహారయాత్రకు అధ్యాపకుడొకరు తోడుండి తీరాలన్నది నియమం. మిగతా అధ్యాపకులందరికీ సరిగ్గా ఆ రోజునే ఇళ్లల్లో శుభకార్యాలు వచ్చిపడ్డాయి.

తెల్లవారకముందే మెదకులో బస్సెక్కాము. చర్చి శిఖరం మంచులో సగమే కనిపిస్తున్నది. నర్సాపూర్ అడవి దాటేదాకా పిల్లలు పాటలు పాడి, ఆ తర్వాత ఒకరి భుజంమీద ఒకరు వాలి నిద్రపోయారు. ఆ నలభై అయిదుమందిలో సగంమంది ఈ యాత్రకోసం మూడు నెలలుగా పైసా పైసా కూడబెట్టినవారే. ఒకమ్మాయి తల్లి బీడీలు చుడుతుంది. ఆ అమ్మాయి డబ్బు కట్టడానికి వచ్చినప్పుడు అన్నీ పది, ఇరవై రూపాయల నోట్లే. లెక్కపెట్టడానికి నాకు పావుగంట పట్టింది.

ఆ తోటలో పేరుపడిన ఆకర్షణ ఒకటున్నది. ఇనుప పట్టాలమీద పోయే బండి మనుషుల్ని ఆకాశంలోకి లాక్కెళ్లి, తలకిందులు చేసి, గుండె చేతికిచ్చి కిందికి దింపుతుంది. దానికోసం కడ్డీల మధ్య పాములాగా మెలికలు తిరిగిన వరస. మేము యాభై నిమిషాలుగా అందులో వున్నాము. అప్పుడు పక్కన ఖాళీగా వున్న దారిలోనుంచి ఒక కుటుంబం వచ్చింది. తండ్రి, తల్లి, ఇద్దరు పిల్లలు. మణికట్లకు మాకు లేని రంగు పట్టీలు. తాపీగా నడిచి వచ్చి, నేరుగా బండెక్కి కూర్చున్నారు. వాళ్లు ఎవరినీ తోయలేదు, ఎవరినీ మోసం చేయలేదు. నిజం చెప్పాలంటే ఆ తండ్రి మావైపు చూసి కొంచెం సిగ్గుపడ్డట్టు నవ్వాడు కూడా.

బీడీలు చుట్టే తల్లి కూతురు నన్నడిగింది: “సార్, గాళ్లు మనకన్న ఎన్క వచ్చిండ్రు గద. ముందుగాల ఎట్ల ఎక్కిండ్రు?”

“వాళ్లు ఎక్కువ డబ్బిచ్చి వేరే టికెట్టు కొన్నారమ్మా.”

“మనం గూడ టికెట్ కొన్నం గద సార్!”

ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాను. సమాసాలు విడగొట్టగలను, ఛందస్సులో గణాలు కట్టగలను. ఆ పిల్ల మాటకు మాత్రం అక్కడ నిలబడి జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్పడానికి ప్రయత్నిస్తాను.

“డబ్బున్నవాడికి మర్యాద ఎక్కువ. ఇందులో కొత్తేమున్నది?” అని మీలో కొందరు అంటారు. నిజమే. నా చిన్నతనంలో మా వూళ్లో సినిమాకు వెళితే నేల వేరు, బెంచీ వేరు, కుర్చీ వేరు. నేలలో కూర్చున్నవాడి వీపుకు వెనకవాడి మోకాలు తగిలేది. కుర్చీలో కూర్చున్న ఆసామికి తల పైన పంకా తిరిగేది. అయితే ఒక్క సంగతి గమనించండి. బొమ్మ పడేది అందరికీ ఒక్కసారే. కుర్చీ టికెట్టు కొన్నాడు గదా అని అతనికి మూడో రీలునుంచి చూపించి, నేలవాళ్లను బయట నిలబెట్టలేదు. అతను కొనుక్కున్నది మెత్తదనం. రైలులోనూ అంతే. ఏసీ పెట్టెలోని మారాజూ, జనరల్ పెట్టెలో తలుపు దగ్గర వేలాడే కూలీ కాచిగూడలో దిగేది ఒకే నిమిషాన.

ఈ రంగుపట్టీ సంగతి అది కాదు. ఇందులో కొనేది మెత్తదనం కాదు, అవతలివాడి సమయం. నమ్మకం కలగకపోతే ఎక్కాల పుస్తకం తీయండి. బండిలో 24 సీట్లనుకుందాం. మూడు నిమిషాలకొకసారి బయలుదేరుతుంది. అంటే గంటకు 20 సార్లు, 480 మంది. మీకు ముందు 480 మంది వుంటే మీరు గంట నిలబడాలి. ఇప్పుడు ప్రతి బండిలోనూ 8 సీట్లు పట్టీవారికి కేటాయించారు. మిగిలినవి 16. గంటకు 320 మందే ఎక్కుతారు. ఇంతకుముందు గంటలో తెమిలిన వరస ఇప్పుడు గంటన్నరకు తెములుతుంది. బండి వేగం పెరగలేదు, సీటు ఒక్కటీ ఎక్కువ కాలేదు. అదనంగా నిలబడిన అరగంటను తోటవారు అమ్ముకున్నారు. అది వారి సొత్తు కాదు, నిలబడ్డవారిది. పైగా వరస ఎంత పొడుగైతే పట్టీకి అంత గిరాకీ. వరస ఖాళీగా వున్న రోజున పట్టీని ఎవరు కొంటారు? ఈ వ్యాపారంలో నాకు ఎక్కువ భయం కలిగించేది ఇదే. వరసను తగ్గించవలసిన యజమానికి వరస పొడుగ్గా వుండడంలోనే లాభం కనిపించడం మొదలైతే, ఇక ఆ వరసను తగ్గించేదెవరు?

ఈ విద్యకు పెద్దబడి అమెరికాలో వున్నది. వాల్ట్ డిస్నీ కాలిఫోర్నియాలో డిస్నీలాండు తెరిచినది 1955 జూలై 17న. కొన్నాళ్లకే అక్కడ చీట్ల పుస్తకాలు వచ్చాయి. చిన్న రాట్నానికి ‘ఏ’ చీటీ, దానికంటే మంచిదానికి ‘బి’. 1959 నాటికి అన్నిటికంటే గొప్పవాటికి ‘ఇ’ చీటీ కూడా చేరింది. 1982లో ఆ పుస్తకాలు పోయాయి. ఒక్క టికెట్టుతో లోపలంతా తిరగవచ్చునన్నారు. ఆ తర్వాత 1999లో ‘ఫాస్ట్‌పాస్’ అని ఒకటి పెట్టారు. యంత్రం దగ్గర టికెట్టు చూపిస్తే ఫలానా వేళకు రమ్మని ఒక చీటీ ఇస్తుంది. అందాకా మీరు మరోచోట తిరిగి, ఆ వేళకు వచ్చి త్వరగా ఎక్కవచ్చును. దానికి పైకం లేదు. లక్షాధికారికైనా, గుమాస్తాకైనా అదే చీటీ. తెలివిగా, తొందరగా తిరిగినవాడికి లాభం. నన్నడిగితే మనిషి బుర్రలో పుట్టిన మంచి ఏర్పాట్లలో అదొకటి.

అది ఇప్పుడు లేదు. 2021లో దాన్ని ఎత్తివేసి, పైకమిచ్చి కొనుక్కునే పద్ధతి తెచ్చారు. మొదట్లో ఫ్లోరిడాలో రోజుకు 15 డాలర్లు, కాలిఫోర్నియాలో 20. 2024 చివర్లో ఇంకొక మెట్టు ఎక్కారు. ఫ్లోరిడాలోని డిస్నీ తోటల్లో, వేళ చూసుకునే పని లేకుండా, ప్రత్యేక దారివున్న ప్రతిదానికీ ఒక్కొక్కసారి నేరుగా వెళ్లడానికి ఒక్క మనిషికి ఒక్క రోజుకు 129 నుంచి 449 డాలర్ల దాకా ధర పెట్టారు. తోటనుబట్టి, తేదీనిబట్టి ధర. లోపలికి రావడానికి టికెట్టు వేరే! కాలిఫోర్నియా తోటలో 1967నుంచి ‘క్లబ్ 33’ అనే సభ్యుల భోజనశాల కూడా వున్నది. బయటి జనానికి అందులో ప్రవేశం లేదు. దానిమీద నాకు పేచీ లేదు. ఎవరో కొందరు తలుపు మూసుకుని భోంచేస్తే నా వరస పొడుగవదు.

2013లో అక్కడి పత్రికల్లో ఒక వార్త వచ్చింది. నడవలేనివారు చక్రాల కుర్చీలో వస్తే కుటుంబంతో సహా పక్కదారిన పంపడం డిస్నీ తోటలో అప్పటి రివాజు. దయతో పెట్టిన రివాజు. న్యూయార్కులోని కొందరు సంపన్న గృహిణులు ఒక వికలాంగురాలిని గంటల లెక్కన కిరాయికి మాట్లాడుకుని, ఆమెను తమ కుటుంబ సభ్యురాలిగా చూపించి పిల్లల్ని ముందుకు తీసుకుపోయారట! ఆ సంవత్సరమే డిస్నీవారు ఆ పద్ధతిని మార్చేశారు. మార్చినందువల్ల నష్టపోయినదెవరు? ఆ గృహిణులు కాదు. నిజంగా కాళ్లు లేని బిడ్డల తల్లులు. ముందు వరసకు ధర పలుకుతుందని ఒకసారి లోకానికి తెలిస్తే దయ కూడా అంగడికి ఎక్కుతుంది.

అంత దూరం ఎందుకు? తిరుమల మాటేమిటని మా ఆవిడ అడిగింది. అడగవలసిందే. నేనూ 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం వరసలో నిలబడ్డవాణ్ణే. కంపార్టుమెంట్లలో కూర్చున్నవారి పక్కనుంచి నడిచిపోతున్నప్పుడు వారి మొహాలు చూడకుండా గోవిందనామం గట్టిగా చెప్పాను. వెంట మా అమ్మ వున్నది, మోకాళ్ల నొప్పులు అని మనసుకు సర్ది చెప్పుకున్నాను. ఆమెతోపాటు నిక్షేపంగా నడవగలిగిన నలుగురం కూడా పోయామన్నది వేరే సంగతి. 2019నుంచి శ్రీవాణి ట్రస్టుకు 10,000 రూపాయలు విరాళమిచ్చినవారికి బ్రేక్ దర్శనం అవకాశం కూడా వున్నది. ఆ పైకం గుడులు కట్టడానికి వెళుతుంది. కనుక అది ఎవరో షేరుదార్ల జేబులోకి పోయే డబ్బుతో సమానమని నేననను. కాని కంపార్టుమెంటులో చంటిపిల్లతో కూర్చున్న తల్లికి గడియారం రెండుచోట్లా ఒకేలాగా తిరుగుతుంది.

గుడులలో ప్రత్యేక దర్శన రుసుముల మీద వేసిన వ్యాజ్యాన్ని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చేపట్టలేదు. ఇలాంటి ప్రత్యేక మర్యాద వుండకూడదన్నది తమ అభిప్రాయమే అయినా, దీనిమీద ఉత్తర్వులివ్వడం తమ పని కాదనీ, సమాజమూ ఆలయ నిర్వాహకులూ చూసుకోవలసినదనీ న్యాయమూర్తులు అన్నారు. సమాజమంటే మనమే గదా. అదే తిరుమలలో 1985లో మొదలైన నిత్యాన్నదానం పంక్తికి పొండి. ఎవరు ముందొస్తే వారు కూర్చుంటారు. నా పక్కన ఒకసారి గుండు చేయించుకున్న పెద్ద వ్యాపారి, అటుపక్క లారీ క్లీనరు కూర్చున్నారు. సాంబారు బకెట్టు వరసగా వచ్చింది.

తోటవారి పక్షాన చెప్పవలసినదీ వున్నది. అవి ధర్మసత్రాలు కావు. యంత్రాలు, కరెంటు, నీళ్లు, జీతాలు. వానొస్తే ఆ రోజు వ్యాపారం సున్న. డబ్బున్నవాడి దగ్గర రెండింతలు తీసుకుంటే లేనివాడి టికెట్టు ధర పెంచకుండా వుండవచ్చునన్నది వారి వాదం. వినడానికి బాగానే వున్నది. అయితే పట్టీలు వచ్చాక మామూలు టికెట్టు ఎంత తగ్గిందో గేటు దగ్గర రాయమనండి. నేను చూసిన చోట ఆ మాట ఎక్కడా రాయలేదు. రామోజీ ఫిల్మ్ సిటీ సంగతి తీసుకోండి. 1996లో మొదలైనది, 1,666 ఎకరాల స్టూడియో అని గిన్నిస్ పుస్తకానికెక్కినది. అక్కడ ఎక్కువ పైకమిచ్చినవారికి ఏసీ బస్సు, మంచి భోజనం వున్నాయి. తిననివ్వండి! ఎర్ర బస్సులో తిరిగినవాడికీ అవే సెట్టింగులు కనిపిస్తాయి. ఆట చూపించే చోట ముందుగా లోపలికి పంపడం దగ్గరే నా పేచీ మళ్లీ మొదలవుతుంది.

ముసలివారికి, గర్భిణులకు, నడవలేనివారికి ముందు దారి వుండాలి, దానికి పైకం వుండకూడదు. పట్టీలు అమ్మక తప్పదంటారా, రోజుకు ఇన్నే అని హద్దు పెట్టి, అందువల్ల మామూలు వరసకు ఎంత ఆలస్యమో టికెట్టు కిటికీ దగ్గరే బోర్డు కట్టండి. నలభై అయిదుమందితో వంద కిలోమీటర్లు వచ్చిన మేష్టరు అది చదువుకుని, లోపలికి పోవడమో, పిల్లల్ని గోలకొండకు తీసుకుపోవడమో తేల్చుకుంటాడు.

మా ఏడుపాయల జాతరలో శివరాత్రికి రంగుల రాట్నం వేస్తారు. మంజీర ఒడ్డున, ఇసుకలో. కరణంగారి మనవడైనా, గొర్లకాపరి కొడుకైనా తొట్టె ఖాళీ అయితేనే ఎక్కాలి. ముందెక్కించమని రాట్నం తిప్పేవాడికి పది రూపాయలు ఎక్కువివ్వబోతే వెనకనుంచి పదిమంది కేకలు వేస్తారు. కడ్డీల మధ్య నిలబడ్డ మావాళ్లు ఆనాడు ఒక్క కేకైనా వేయలేదు. అక్కడి నేల మెరుస్తున్నది, నౌకర్లు యూనిఫారాలు వేసుకున్నారు, అంతా ఇంగ్లీషులో రాసివున్నది. ఇది మనం అరవగల చోటు కాదని పిల్లలకు ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది.

సాయంత్రం తోట మూసేవేళకు మావాళ్లలో పన్నెండుమందికి ఆ బండి దక్కలేదు. గొలుసు వేసేశారు. బీడీలు చుట్టే తల్లి కూతురు ఆ పన్నెండుమందిలోనే వున్నది. బస్సులో నా వెనక సీట్లో కూర్చుని ఆ పట్టీ ధరెంతో పక్కపిల్లను అడిగి, వేళ్లమీద చాలాసేపు లెక్కవేసింది.

“అమ్మకు పది దినాల పని సార్,” అన్నది.

తర్వాత కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. నర్సాపూర్ అడవి వచ్చినప్పుడు ఎవరూ పాటలు పాడలేదు.