అద్దె మేడలు – పసిబిడ్డలు

అద్దెయిల్లు వెదకుచు పోయిన గృహిణిని యజమానులు మొట్టమొదట వేయు ప్రశ్న "పిల్లలెందరమ్మా?" అనునది. గోడలపై రంగుపెన్సిళ్ళతో గీతలు గీయుదురేమో, క్రింది వాటావారికి నిద్రాభంగము చేయుదురేమో యని వారి భయము. ఏదో తప్పు చేసినవారివలె మనము "ఇద్దరేనండీ, అల్లరి చెయ్యరు" అని సమాధానము చెప్పుకొందుము. పిమ్మట అద్దె యెంత, అడ్వాన్సు ఎంత, నీరు రెండు పూటలను వచ్చునా, వంటయిల్లు ఏ మూల నున్నది యని మనమడుగుదుము. కాని "మీ బాల్కనీ పిట్టగోడ ఎంత ఎత్తు?" అని యడిగిన సోదరిని మేమింతవఱకు చూడలేదు. మేమును అడిగినవారము కాము. అడుగకపోవుటచే మాకు కలిగిన యాపదను, దానివలన నేర్చుకొనిన నాలుగు మాటలను సోదరీమణులకు విన్నవించుటకే యీ వ్యాసము.

మేము పుట్టి పెరిగినది కోనసీమలోని యొక మండువా లోగిలిలో. చుట్టును వసారాలు, నడుమ ఆకాశము కనబడు మండువా, పెరటిలో నుయ్యి, వీధి దాటిన కాలువ. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిమ్మట ఈ సీమలో కాలువలు నలుదిక్కుల వ్యాపించినవి. కావున మన అమ్మమ్మల భయమంతయు నీటి భయమే. అందులకే నూతికి ఒర కట్టించిరి. పెరటి తలుపునకు పిల్లలకందని యెత్తున గొళ్ళెము పెట్టించిరి. ఈడు వచ్చిన బిడ్డలకు ఈత నేర్పించిరి. ఎవరి బిడ్డ రేవువైపు నడచినను చూచినవారు చేయి పట్టుకొని యింటికి తెచ్చి దిగవిడిచెడివారు. ఆ యిండ్ల ప్రమాదములకు తగిన కట్టుబాట్లను అనుభవముచే వారు ఏర్పఱచుకొనిరి.

ఇప్పుడు రాజమహేంద్రవరములోని దానవాయిపేట, ప్రకాశనగరు వంటి పేటలలో పాత యిండ్లున్న తావుల అపార్టుమెంట్లు లేచినవి. కాకినాడ, ఏలూరు, భీమవరములలోను అదే రీతి. పిల్లల చదువులకని, ఉద్యోగములకని పల్లెలు విడిచి వచ్చిన కాపురము లెన్నియో వీనిలో అద్దెకు దిగినవి. నుయ్యి పోయి ఎత్తు వచ్చినది. కాలువ పోయి లిఫ్టు వచ్చినది. అమ్మమ్మ నేర్పిన కట్టుబాట్లు వీనికి చాలవు. క్రొత్తవానిని మనమే యేర్పఱచుకొనవలెను.

మాకు జరిగినది

మేము రాజమహేంద్రవరమున మూడవ యంతస్తులో నొక వాటా అద్దెకు తీసికొని, మంచిదినము చూచి పాలు పొంగించుకొంటిమి. ఇల్లు శుభ్రముగా నుండెను. గాలి చక్కగా వచ్చుచుండెను. మా పెద్దమ్మాయికి ఏడేండ్లు. చిన్నవానికి నాలుగు నిండలేదు. బట్టలారవేయుటకు వీలుగా బాల్కనీలో నొక ప్లాస్టిక్కు కుర్చీ వేసికొంటిమి.

వినాయకచవితి వెళ్ళిన తొమ్మిదవనాటి సాయంకాలము నిమజ్జనమునకు పోవు ఊరేగింపు మా వీధికి వచ్చినది. డప్పుల మ్రోత విని పిల్లవాడు పరుగెత్తెను. మేము పొయ్యిమీది పాలు దించి వచ్చునంతలో, వాడు కుర్చీ యెక్కి, పిట్టగోడపై పొట్ట యానించి, నడుమువఱకు వెలుపలికి వంగి చూచుచుండెను. పాదములు కుర్చీని విడిచి గాలిలో నుండెను. కేక వేసిన ఉలికిపడునని తోచి మేము నోరు మెదపలేదు. మెల్లగా పోయి, రెండు కాళ్ళును ఒడిసిపట్టి లోపలికి లాగుకొంటిమి. "అమ్మా, వినాయకుణ్ణి చూడనియ్యవేం?" అని వాడేడ్చెను. మేము నేలపై కూలబడి చాలసేపు లేవలేకపోతిమి.

ఆ రాత్రి రవికెలు కొలుచుకొను టేపుతో ఆ పిట్టగోడను కొలిచితిమి. 32 అంగుళములు! 2016లో వెలువడిన జాతీయ భవన నిర్మాణ స్మృతి ననుసరించి బాల్కనీకి గాని డాబాకు గాని ఉండవలసిన పిట్టగోడ మీటరునకు, అనగా సుమారు 39 అంగుళములకు, తక్కువ కారాదు. ఏడంగుళములు తక్కువైన గోడ. దానికి తోడు మేము వేసిన కుర్చీ. సగము తప్పు కట్టినవారిది, సగము మాది.

మఱునాడు యజమానితో చెప్పితిమి. "పదేళ్ళ నుంచి అద్దెకిస్తున్నాను, ఒక్కరూ ఈ మాట అనలేదు. పిల్లవాణ్ణి మీరే కనిపెట్టుకుని ఉండాలమ్మా" అని వారి యుత్తరము. మా ఖర్చుతోనే జాలీ వేయించుకొందుమన్నను, మేడ అందము చెడునని సంఘమువారు ఒప్పుకొనరనిరి. సంఘమువారిని అడుగగా, అద్దెకున్నవారి మాట సభలో చెల్లదనిరి. మూడు వారములు బాల్కనీ తలుపునకు తాళము వేసి, బట్టలు వంటయింట నారవేసికొంటిమి. తుదకు ఆ మేడలోనే పసిబిడ్డలు గల తల్లులము ఆఱుగురము కలసి, గోడ కొలతతో సహా ఒక వినతిపత్రము వ్రాసి, చేవ్రాళ్ళు చేసి యిచ్చితిమి. నోటిమాటకు కదలనివారు కాగితమునకు కదలిరి. జాలీ వచ్చినది. రెండు నెలలలో సొంత వాటాలవారు సహితము అట్లే వేయించుకొనిరి.

అమెరికాలో నేమి చేసిరి?

న్యూయార్కు నగరమున మేడల కిటికీలనుండి పసివారు పడి మరణించుచుండుట చూచి, అచటి ఆరోగ్యశాఖవారు 1972లో "పిల్లలు ఎగురలేరు" అను పేర ప్రచారము మొదలిడిరి. ఇంటింటికి పోయి తల్లులతో మాటలాడిరి. కిటికీ కమ్ములను ఉచితముగా పంచిపెట్టిరి. బ్రాంక్సు అను భాగమున రెండేండ్లలో అట్లు పడువారి సంఖ్య సగమునకు తగ్గెను. 1976లో అది నిబంధనయే యైనది. మూడు గాని అంతకు మించి గాని వాటాలున్న మేడలో, పదేండ్లు దాటని బిడ్డ యున్న ప్రతి వాటాకును యజమానియే కిటికీ కమ్ములు బిగింపవలెను. అందులకై యజమాని ఏటేట "మీ యింట పిల్లలున్నారా?" అని వ్రాతమూలముగా నడుగవలెను.

సోదరీమణులారా! మన యజమానులు వేయు ప్రశ్నయు అదియే. అచట కమ్ములు బిగించుటకై యడుగుదురు. ఇచట ఇల్లు ఇయ్యకుండుటకై యడుగుదురు. భేదమంతయు ఇందులోనే యున్నది.

బాల్కనీయు డాబాయు

ఇల్లు చూడబోవునపుడు సంచిలో టేపు నుంచుకొనుడు. పిట్టగోడ 39 అంగుళములున్నదా యని నేలనుండి కొలువుడు. గోడ క్రింద పూలకుండీలకై గట్టు కట్టియున్నచో, ఆ గట్టుమీదినుండి కొలువవలెను. ఏలయన బిడ్డ నిలుచుండునది అచ్చటనే. కమ్ములు నిలువుగా నున్న మేలు. అడ్డముగా నున్న అవి పిల్లలకు నిచ్చెనమెట్లే. కమ్మికిని కమ్మికిని నడుమ నాలుగంగుళములకు మించి యెడముండరాదు; మించిన పసివాని తల దూరును. కిటికీకున్న దోమల జాలీని నమ్మరాదు. అది దోమ నాపును గాని బిడ్డ బరువు నాపజాలదు.

గోడచెంత కుర్చీ, ముక్కాలిపీట, బోర్లించిన బకెట్టు ఏదియు నుండరాదు. మంచము కిటికీని ఆనుకొని వేయరాదు. ఇనుప గ్రిల్లు వేయించుకొనువారు ఒక భాగమును తెఱచుటకు వీలుగా చేయించి, దాని తాళపుచెవిని పెద్దలందఱెఱిగిన చోట, పిల్లలకందని యెత్తున వ్రేలాడదీయవలెను. పడకుండుటకై వేసిన గ్రిల్లు అగ్నిప్రమాదమున మనలనే బంధింపరాదు గదా!

వేసవిలో వడియములు పెట్టుటకు, మామిడి వరుగులు ఎండబెట్టుటకు డాబాపైకి పోవునపుడు పిల్లలు వెంట వచ్చెదరు. అచట పిట్టగోడయొకటియే కాదు, నీళ్ళట్యాంకునకు వేసిన ఇనుప నిచ్చెనయు నుండును. దిగి వచ్చునపుడు పిల్లలను లెక్క చూచుకొని, డాబా తలుపునకు గడియ వేసి దిగవలెను.

లిఫ్టు

లిఫ్టు త్రాడు తెగి క్రింద పడునని మనలో పెక్కుమంది భయము. త్రాడు తెగినను గూడు నిలిచిపోవు సాధనమును అమెరికాలో ఎలీషా ఓటిస్ అనువాడు కనిపెట్టి, 1854లో న్యూయార్కు ప్రదర్శనమున తానే యెక్కి, త్రాడు తెగగొట్టించి చూపెను. ఇప్పటికిని లిఫ్టులయందు అట్టి సాధనముండును. పసివారికి ముఖ్యమైన యపాయము త్రాటివలన కాదు, తలుపువలన.

2025 ఫిబ్రవరిలో హైదరాబాదునందలి శాంతినగరులో ఒక అపార్టుమెంటున ఆఱేండ్ల బాలుడు లిఫ్టునకును గోడకును నడుమ చిక్కుకొనెను. సహాయకులు శ్రమపడి వెలికి తీసి ఆసుపత్రికి చేర్చినను, మఱునాడు మరణించెను. మఱుసటి నెలలోనే అదే నగరమున కావలివాని పసికొడుకొకడు లిఫ్టులో చిక్కుకొని ప్రాణములు విడిచెను. ఆ తల్లుల దుఃఖమును తలచుకొనినచో, మన జాగ్రత్త యెంతటిదైనను అధికము కాదు.

చేతితో లాగు కటకటాల తలుపుల లిఫ్టు పాత మేడలలో నిప్పటికిని కలదు. తలుపు కొంచెము తెఱచి యుంచి మీట నొక్కి చూడుడు. అట్లుండియు కదలినచో ఆ లిఫ్టులో పసివారిని ఎక్కింపరాదు. బాగుచేయువఱకు మెట్లే శరణ్యము. చిన్నపిల్లలను ఒంటరిగా పంపరాదు. పెద్దలు తాము ముందెక్కక, బిడ్డ చేయి పట్టుకొని కలసి యెక్కవలెను. కరెంటు పోయినపుడు దగ్గఱి యంతస్తునకు చేర్చి తలుపు తెఱచు బ్యాటరీ యమరిక కలదా యని అడుగుడు. రెండంతస్తుల నడుమ నిలిచిపోయిన, సందులోనుండి దూరి దిగుటకు యత్నింపక, గంట మీట నొక్కి, లోపలనే కూర్చుండి వేచియుండవలెనని పిల్లలకు ఆటవలె నేర్పుడు.

క్రింది భాగము

క్రింద కార్లు నిలుపు చోటే మన పిల్లలకు ఆటస్థలమగుచున్నది. వెనుకకు నడుపు కారువానికి వెనుకనున్న చిన్నబిడ్డ కనబడడు. నీళ్ళ సంపు మూత సరిగా కూర్చున్నదా, తాళమున్నదా చూడుడు. మన కాలపు నుయ్యి అదియే. మెట్లచెంత కరెంటు మీటర్ల పెట్టె తెఱచియున్నచో కావలివానితో చెప్పి మూయింపవలెను. వంటగ్యాసు గాలికంటె బరువైనది, నేలబారున నిలుచును. వాసన తగిలిన స్విచ్చు ముట్టక, రెగ్యులేటరు కట్టివేసి, కిటికీలు తలుపులు తెఱచి, వెలుపలికి వచ్చి 1906కు ఫోను చేయవలెను. అగ్నిమాపక దళమునకు 101, ఆంబులెన్సునకు 108, సర్వసహాయమునకు 112. ఈ అంకెలను వంటయింటి తలుపుమీద వ్రాసి యంటించుడు.

మఱియొక మాట. పల్లెలో వీధివారందఱు తెలిసినవారే. మేడలో ఎదుటి తలుపువారి పేరైనను మన మెఱుగము. తల్లి చెప్పనిదే ఎవరి యింటికిని, ఎవరి వెంటను పోరాదనియు, ఎవరైనను మేను ముట్టిన వెంటనే తల్లితో చెప్పవలెననియు బిడ్డకు భయపెట్టక బోధింపవలెను. బిడ్డల రక్షణకై 2012లో ప్రత్యేక చట్టము వచ్చినది. 1098 బాలల సహాయపు నంబరు.

అద్దె పత్రము

సంవత్సరమునకు మించిన అద్దె పత్రమును 1908 నాటి చట్టప్రకారము రిజిస్టరు చేయింపవలెను. ఆ ఖర్చు తప్పించుకొనుటకే పదునొకండు నెలల పత్రములు వాడుకలోనికి వచ్చినవి. పత్రము చిన్నదైనను అందులో రెండు పంక్తులు చేర్పించుకొనుడు: బాల్కనీకిని కిటికీలకును జాలీ వేసికొనుటకు అనుమతి కలదనియు, పిట్టగోడ, గొళ్ళెములు, కరెంటు తీగెలు మరమ్మతు చేయించు భారము యజమానిదనియు. యజమాని చేయవలసిన మరమ్మతును, తెలియజేసిన పిమ్మట తగిన గడువులో చేయనియెడల, అద్దెదారు తానే చేయించి ఆ సొమ్మును అద్దెలో తగ్గించుకొనవచ్చునని 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము చెప్పుచున్నది. మనము బిగించుకొనిన జాలీని ఇల్లు ఖాళీ చేయునపుడు, గోడలను మునుపటివలె నుంచి, తీసికొని పోవచ్చును. కావున ఆ ఖర్చు వృథా కాదు.

మెట్లు, లిఫ్టు, డాబా మేడలోని సొంతదార్లందఱికిని ఉమ్మడి. వానిలోని లోపములకు సంఘమువారికే వ్రాయవలెను. ఒంటరిగా వ్రాయక నలుగురు తల్లులు కలసి వ్రాయుడు. అడ్వాన్సు చెల్లించిన తరువాత అడుగుటకంటె, చెల్లింపకమునుపే అడుగుట మేలు. అప్పుడు మన మాటకు విలువ యెక్కువ.

ఇన్నియు చూచి యింట దిగుట సాధ్యమా యని కొందఱనవచ్చును. అన్ని గుణములు గల యిల్లు దొరకకపోవచ్చును. అద్దెకు తగిన ఇల్లు దొరకుటయే కష్టమైన దినములివి. అయినను లోపమెఱిగి దిగినవారు కుర్చీని లోపల పెట్టుకొందురు, తలుపునకు గొళ్ళెము వేయించుకొందురు. ఎఱుగక దిగినవారు మావలె ఊరేగింపు దినమున నేర్చుకొందురు.

మేమిప్పుడు వేఱొక యింటికి మారియున్నాము. ఆ యిల్లు చూడబోయిన దినమున యజమానురాలు వాడుక ప్రకారము "పిల్లలెందరమ్మా?" అని యడిగెను. "ఇద్దరండీ. మీ పిట్టగోడ ఒకసారి కొలుచుకోవచ్చునా?" అని మేము సంచిలోని టేపు తీసితిమి. ఆమె మొదట నవ్వెను. పిదప తానే యొక కొన పట్టుకొనెను.