కారు తాళంచెవి పోయినప్పుడు – పొదుపు మార్గాలు

తాళంచెవి చిన్న వస్తువే. కాని అది చేతిలో లేనినాడు లక్షల విలువ గల కారు కూడా వాకిట్లో బండరాయి వలె పడి ఉంటుంది. నస్పూర్‌లో మా మిత్రులొకరికి గత సంవత్సరం ఇట్టి అనుభవమే కలిగింది. శ్రీరాంపూర్ బొగ్గుగనిలో పనిచేసే ఆయన, ఒకరు వాడిన కారును కొన్నారు. అమ్మినవారు ఒకే తాళంచెవి ఇచ్చారు. రెండవదానిని గూర్చి ఈయన అడుగలేదు. ఒకనాడు ఆటోలో మంచిర్యాల బజారుకు వెళ్ళి వచ్చేసరికి జేబులోని ఆ ఒక్కటి మాయమైంది. మరునాడు తల్లిని కరీంనగర్ ఆసుపత్రికి తీసుకొని వెళ్ళవలసి ఉన్నది. కారు ఇంటి ముందే ఉండగా కిరాయి బండి మాట్లాడుకొనవలసి వచ్చింది. కొత్త తాళంచెవికి అయిన ఖర్చు ఆయన నెల జీతంలో పెద్ద భాగాన్నే మింగివేసింది. ఆ సందర్భంలో మేము తెలుసుకొన్న విషయాలను విద్యార్థుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

అంత ఖర్చు ఎందుకు?

పూర్వం అంబాసిడర్, మారుతీ 800 వంటి కార్లకు ఇనుప తాళంచెవి ఉండేది. బజారులో కూర్చొన్న చాబీవాలా ఆకురాయితో కొంతసేపు రాచి మరొకటి చేసి ఇచ్చేవాడు. అయితే ఆ సులువు దొంగకు కూడా అందినది. అందువల్ల కార్లలో 'ఇమ్మొబిలైజర్' అనే రక్షణ యంత్రాంగాన్ని అమర్చసాగారు. ఐరోపాలో 1998 నుండి కొత్త కార్లకు ఇది తప్పనిసరి అయింది. మన దేశంలో మారుతీ కార్లలో ఇది 'ఐక్యాట్స్' అనే పేరుతో వచ్చింది.

నేటి రిమోటు తాళంచెవిలో మూడు వేర్వేరు వస్తువులు కలిసి ఉన్నాయి. మొదటిది లోహపు పలక. తలుపును, స్టీరింగు తాళాన్ని తీసేది ఇది. రెండవది బియ్యపుగింజను తలపించే చిన్న చిప్పు. దీనికి బ్యాటరీ అక్కరలేదు. తాళం చుట్టూ ఉన్న తీగచుట్ట నుండి విద్యుదయస్కాంత ప్రేరణ ద్వారా శక్తిని పొంది, తన రహస్య సంఖ్యను కారుకు తెలియజేస్తుంది. కారులోని కంప్యూటరు ఆ సంఖ్యను గుర్తించిన పిమ్మటనే ఇంజను నడుస్తుంది. మూడవది రిమోటు; దూరం నుండి తలుపులు తెరిచే రేడియో పరికరం. బ్యాటరీ అవసరమైనది దీనికి మాత్రమే.

ఈ మూడింటి భేదం తెలిసినవాడు ఏది పోయినదో దానికే డబ్బు పెడతాడు. తెలియనివాడు మూడింటికీ పెడతాడు.

తక్కువ ఖర్చు నుండి ఎక్కువ ఖర్చుకు

మీట నొక్కినా తలుపు తెరుచుకొనని యెడల ముందుగా బ్యాటరీని అనుమానించవలెను. అనేక రిమోట్లలో ఉండేది సి.ఆర్. 2032 అనే నాణెపు బ్యాటరీ. 20 మిల్లీమీటర్ల వ్యాసం, 3.2 మిల్లీమీటర్ల మందం అని ఆ అంకెలకు అర్థం. పదుల రూపాయలతో పని ముగుస్తుంది. పై డొల్ల పగిలితే డొల్లను మాత్రమే కొని, లోపలి వస్తువులను దానిలోనికి మార్చుకొనవచ్చును. చిప్పును పాత డొల్లలోనే మరచి పారవేయరాదు.

తాళంచెవి నిజంగానే పోయి, రెండవది ఇంట్లో ఉన్నచో భయం లేదు. రిమోటు లేకుండా, చిప్పు గల సాదా తాళంచెవిని చేయించుకొనవచ్చును. తలుపును చేతితో తీసుకొనే శ్రమ తప్ప మరో లోటు ఉండదు. ఖర్చు మాత్రం బాగా తగ్గుతుంది. రిమోటు కూడా కావాలనుకొంటే, కంప్యూటరు యంత్రం ఉన్న తాళాల పనివారు ఇతర కంపెనీల రిమోట్లను అనేక కార్లకు జతచేయగలరు. అధీకృత సర్వీసు కేంద్రంలోనూ, వీరి వద్దనూ ధర అడిగి పోల్చుకొనవలెను. పని మన కళ్ళ ఎదుటనే జరుగవలెను. పోయిన తాళంచెవి సంఖ్యను కారు జ్ఞాపకం నుండి తొలగించమని తప్పక అడుగవలెను. అయితే దానివల్ల ఇంజను నడవదే గాని, లోహపు పలకతో తలుపు తెరుచుకొంటుంది. కాబట్టి కారులో విలువైన వస్తువులు ఉంచరాదు.

ఉన్నవన్నీ పోతేనే అసలు కష్టం. నమూనా ఉండదు, కారు కంప్యూటరుకు కొత్త తాళంచెవిని మొదటి నుండి పరిచయం చేయవలెను. కొన్ని బండ్లలో భాగాలనే మార్చవలసి వస్తుంది. అట్టి సమయంలో బండిని లాగించుకొని పోవడం కంటె, పనివానిని ఇంటికి పిలవడం చౌక కావచ్చును. దారిఖర్చుతో సహా మొత్తం ఎంతో ఫోనులోనే మాట్లాడుకొనవలెను. రిజిస్ట్రేషను పత్రం, గుర్తింపు కార్డు సిద్ధంగా ఉంచుకొనవలెను. కొత్త కారుతో ఇచ్చే చిన్న బిళ్ళపై ఉండే తాళంచెవి సంఖ్య ఉంటే పలకను కోయడం సులభమవుతుంది.

పోలీసు ఠాణాలో రాతపూర్వకంగా తెలిపి రసీదు తీసుకొనడం మరువరాదు. రేపు కారు దొంగలపాలైతే బీమా కంపెనీ రెండు తాళంచెవులనూ అడుగుతుంది. రెండవది లేకపోవడానికి ఆ రసీదే సాక్ష్యం. తాళంచెవి మార్పిడికి ప్రత్యేక బీమా అదనపు రక్షణగా దొరుకుతుంది. మన పాలసీలో అది ఉన్నదో లేదో డబ్బు చెల్లించక ముందే చూసుకొనవలెను.

ముగింపు

పై మార్గాలన్నింటిలో చౌకైనది ఒక్కటే: ఒకటి చేతిలో ఉండగానే రెండవది చేయించుకొనడం. వాడిన కారు కొనేవారు రెండు తాళంచెవులూ, సంఖ్య గల బిళ్ళా అడిగి పుచ్చుకొనవలెను. లేనియెడల ఆ మేరకు ధర తగ్గించమనవలెను. ఇల్లు కాలిన తరువాత బావి త్రవ్వడం మన పెద్దలు మెచ్చిన పని కాదు.

మా మిత్రుని వద్ద ఇప్పుడు రెండు తాళంచెవులు ఉన్నాయి. రెండవది చిప్పు గల సాదా తాళంచెవి. అది ఆయన జేబులో ఉండదు. తల్లిగారి పెట్టెలో, ఆమె మందుల చీటీల ప్రక్కన ఉంటుంది.