మన జిల్లా బ్లాగులన్నీ ఒకే పేజీలో: జాంగోతో అగ్రిగేటర్ ఎలా కట్టాలి, తెలుగుకొచ్చేసరికి ఎక్కడ తంతుంది

2016 అక్టోబర్ 11న పాత మహబూబ్‌నగర్ జిల్లా నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు విడిపోయాయి. ఈ మూడింటి గురించి తెలుగులో బ్లాగులు రాసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఒకాయన శాసనాల మీద రాస్తాడు, ఒకామె గద్వాల చీరల అంచుల గురించి రాస్తుంది, ఇంకొకరు ఏడాదికి రెండే పోస్టులు పెట్టినా రెండూ చదివి తీరాల్సినవే. సమస్యల్లా ఒక్కటే, వీళ్లు రాసినట్టు మనకు తెలియదు. వాట్సాప్‌లో ఎవరైనా పంపితేనే తెలుస్తుంది.

ఒకప్పుడు ఈ పని చేసిపెట్టేవి ఉండేవి. వీవెన్ నడిపిన కూడలి, జల్లెడ, హారం, మాలిక. పొద్దున్నే ఒక పేజీ తెరిస్తే రాత్రి తెలుగులో ఎవరేం రాశారో వరసగా కనిపించేది. 2013 జూలై 1న గూగుల్ రీడర్ మూతపడ్డాక ఫీడ్ అనే మాటే చాలామంది మర్చిపోయారు. కానీ ఫీడ్లు ఎక్కడికీ పోలేదు. బ్లాగర్‌లో ఉన్న ఏ బ్లాగు అడ్రస్ చివరైనా ఫీడ్స్, పోస్ట్స్, డిఫాల్ట్ అనే మూడు ఇంగ్లిష్ మాటలు స్లాష్‌లతో పెట్టి చూడండి, వర్డ్‌ప్రెస్‌కైతే ఫీడ్ అని ఒక్క మాట చాలు. ఆ వచ్చే ఎక్స్ఎంఎల్ ఫైలే మనకు ముడిసరుకు.

దీన్ని నేను జాంగోతో కట్టాను. ఎందుకంటే నకలు కొట్టడానికి మంచి నమూనా ఉంది. జాంగో వాళ్ల సొంత వెబ్‌సైట్‌లోనే కమ్యూనిటీ బ్లాగుల అగ్రిగేటర్ ఉంది, దాని కోడ్ గిట్‌హబ్‌లో అందరికీ కనిపిస్తుంది. అందులో ముఖ్యమైన టేబుళ్లు రెండు. ఒకటి ఫీడ్: బ్లాగు పేరు, ఫీడ్ అడ్రస్, ఎవరిది, అనుమతి ఇచ్చామా లేదా, ఇంకా బతికే ఉందా. రెండోది ఐటమ్: శీర్షిక, లింకు, సారాంశం, తేదీ, జీయూఐడీ. ఆ అనుమతి కాలమ్ తీసేయకండి. ఎవరు పడితే వాళ్లు ఫీడ్ చేర్చగలిగితే వారంలో మీ పేజీ నిండా లోన్ యాప్‌ల ప్రకటనలే ఉంటాయి.

ఫీడ్‌ను చదవడానికి పైథాన్‌లో ఫీడ్‌పార్సర్ అనే లైబ్రరీ ఉంది. గంటకోసారి నడిచే మేనేజ్‌మెంట్ కమాండ్ ఒకటి రాసి, క్రాన్‌లో పెడితే సగం పని అయినట్టే. ప్రతిసారీ మొత్తం ఫైలు దించుకోకండి. మొదటిసారి సర్వర్ ఇచ్చే ఈట్యాగ్‌ను దాచిపెట్టి, మళ్లీ వెళ్లినప్పుడు చూపిస్తే, కొత్తదేం లేకపోతే 304 అని చెప్పి ఖాళీ చేతులతో పంపేస్తుంది. ఐటమ్‌ను గుర్తుపట్టడం మాత్రం జీయూఐడీతోనే చెయ్యాలి, శీర్షికతో కాదు. మన వాళ్లు పోస్ట్ చేశాక అచ్చుతప్పు చూసుకుని శీర్షిక మారుస్తారు, మీ పేజీలో ఒకే పోస్టు రెండుసార్లు పడుతుంది.

ఇక్కడిదాకా ఏ ట్యుటోరియల్‌లోనైనా ఉంటుంది. తెలుగు వచ్చాక కథ మారుతుంది.

శీర్షిక నుంచి లింకు తయారు చేయడానికి జాంగోలో స్లగిఫై అనే ఫంక్షన్ ఉంది. తెలుగు శీర్షిక ఇస్తే మామూలుగా ఖాళీ వస్తుంది. యూనికోడ్ అనుమతించే ఆప్షన్ ఆన్ చేస్తే సరిపోతుందని అన్నారు, చేశాను. "గద్వాల" పెడితే "గదవల" వచ్చింది. "వనపర్తి"కి "వనపరత". నాగర్‌కర్నూల్ అయితే "నగరకరనల"! నా కోడ్‌లో తప్పేమో అని ఒక రాత్రంతా వెతికాను. విషయం ఏంటంటే, అక్షరం కానిదాన్ని తీసేయమని స్లగిఫై ఒక రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ వాడుతుంది. పైథాన్ లెక్కలో మన గుణింతపు గుర్తులూ పొల్లూ "అక్షరాలు" కావు. అందుకని అన్నీ ఊడగొడుతుంది. పేరు వికారంగా రావడం ఒక్కటే అయితే సర్దుకోవచ్చు. కానీ పాట, పేట, పీట మూడూ "పట" అయిపోతాయి, ఒకరి పోస్టు లింకు నొక్కితే ఇంకొకరిది తెరుచుకుంటుంది.

నేను స్లగ్ మొత్తానికే తీసేసి లింకులో నంబర్ పెట్టాను. ఇంకో కారణం కూడా ఉంది. తెలుగు లింకును కాపీ చేస్తే ఒక్కో గుర్తు 9 క్యారెక్టర్లు అవుతుంది. "గద్వాల" ఒక్క మాటకే 54. వాట్సాప్‌లో చూసినవాళ్లు వైరస్ అనుకుంటారు.

రెండోది కత్తిరింపు. "వనపర్తి" మన కంటికి 4 అక్షరాలు, కంప్యూటర్‌కు 7. సారాంశాన్ని క్యారెక్టర్ల లెక్కన కోస్తే "వనపర్" దగ్గర తెగొచ్చు. మాటల లెక్కన కోసే ట్రంకేట్‌వర్డ్స్ వాడండి. 40 మాటలు చాలు. మిగతాది వాళ్ల బ్లాగుకే వెళ్లి చదవాలి, రాసింది వాళ్లు కదా.

మూడోది వెతుకులాట, నా టైమ్ ఎక్కువ తిన్నది ఇదే. నాగర్‌కర్నూల్ అనే పేరును కొందరు మధ్యలో కనిపించని జాయినర్‌తో రాస్తారు, కొందరు అది లేకుండా రాస్తే ర కింద క వత్తు పడుతుంది, కొందరు ఖాళీ వదులుతారు. మనిషికి మూడూ ఒకటే, డేటాబేస్‌కు మూడు వేరు. ఐత్వానికి ఇంకో తలనొప్పి ఉంది. అది ఒకే గుర్తుగా ఉండొచ్చు, ఎత్వం, కింది తోక అని రెండు గుర్తులుగా కూడా ఉండొచ్చు. చూడ్డానికి ఒకేలా ఉంటాయి. అందుకే వెతకడానికి వేరే కాలమ్ పెట్టాను. ఎన్ఎఫ్‌సీ నార్మలైజేషన్ చేసి, జాయినర్లు, ఖాళీలు తీసేసి అందులో దాస్తాను. వెతికే మాటకూ అదే చేస్తాను. అయినా "గద్వాల్" అని వెతికితే "గద్వాలలో" దొరకదు. దానికి ఇంకా దారి చూడాలి.

మన సైట్ గాడ్జెట్లది కాబట్టి ఒక మాట. ఇదంతా మొదట పాత ఆండ్రాయిడ్ ఫోన్‌లో టర్మక్స్ వేసి నడిపాను. ఎఫ్-డ్రాయిడ్ నుంచి దించుకోండి. జాంగో, ఫీడ్‌పార్సర్ రెండూ పైథాన్‌లోనే రాసినవి కాబట్టి ఏ కంపైలేషన్ గొడవా లేకుండా ఎక్కుతాయి, డేటాబేస్‌కు ఎస్‌క్యూలైట్ చాలు. వేక్ లాక్ పెట్టి, బ్యాటరీ ఆప్టిమైజేషన్ ఆపకపోతే మాత్రం ఫోన్ నిద్రపోతుంది, క్రాన్ కూడా. నేర్చుకోవడానికి సూపర్. నలుగురికీ చూపించాలంటే సర్వర్ తీసుకోండి, రాత్రీ పగలూ ఛార్జింగ్‌లో ఉన్న పాత బ్యాటరీ ఉబ్బితే ప్రమాదం.

పోగుచేయడం ఈ నేలకు కొత్తేం కాదు. తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా, 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చిన సురవరం ప్రతాపరెడ్డిది గద్వాల ప్రాంతపు ఇటిక్యాలపాడే. ఆయనకు ఫీడ్లు లేవు. మనకున్నా ఒక పరిమితి ఉంది. వర్డ్‌ప్రెస్ ఫీడ్ మామూలుగా చివరి 10 పోస్టులే ఇస్తుంది, బ్లాగర్ 25. నేను చేర్చిన కొద్దిరోజులకే నాగర్‌కర్నూల్ వైపు బ్లాగు ఒకటి మాయమైంది. వర్డ్‌ప్రెస్‌ది. నా దగ్గర 10 శీర్షికలు, ఒక్కోదానికి 40 మాటలు మిగిలాయి. వాటిని తీసేయలేదు, "లింకు పనిచేయడం లేదు" అని పక్కన రాసి ఉంచాను. ఇప్పుడు కొత్త బ్లాగు చేర్చే ఫారంలో ఒక గడి పెంచాను: పూర్తి పోస్టు మా దగ్గర దాచుకోవచ్చా, మీ బ్లాగు పోతే చూపించవచ్చా? ఇప్పటిదాకా చేరినవాళ్లలో ఒక్కరు తప్ప అందరూ టిక్ పెట్టారు.