నాలుకకు నేర్పవలసిన చదువు

తెలుగున ఎదుటివారిని సంబోధించుటకు ‘మీరు’ కలదు, ‘నీవు’ కలదు. ‘ఏమండీ’ కలదు, ‘ఒరే’ కలదు. ఏ మాట ఎవరికి తగునో వ్యాకరణము చెప్పదు, ఊరు చెప్పును. పదియేండ్ల బాలుడు తన యింటికి వచ్చిన తాతవయసు షావుకారును ‘మీరు’ అనును. ఆ వయసుననే యున్న పాలేరును ‘ఒరే’ యనును. ఈ భేదమును అతనికి ఏ పంతులును బోధింపలేదు. ఇంటి వసారాలోను, కళ్లములోను పెద్దల నోట విని నేర్చినాడు. ఇంట నేర్చిన యీ పాఠమును బడి మఱపింపగలదా యనునదే నేడు మేము చదువరుల యెదుట నుంచదలచిన ప్రశ్న.

మాటలు మార్చినంతమాత్రమున మనసులు మారునా యని కొందఱు పెద్దలు ఆక్షేపించుచున్నారు. ఈ యాక్షేపణలో కొంత నిజము లేకపోలేదు. పలుకరాని మాటల పట్టిక నొకదానిని వ్రాసి గోడకు తగిలించినచో, బాలుడు పంతులు ముందొక భాషను, వీథిలో మఱియొక భాషను మాటలాడ నేర్చును. అది సహనము గాదు, నటనము. అయినను మాట చిన్న విషయమనుట పొరపాటు. నిత్యము నోట నానిన మాటయే మనసునకు అచ్చుపోయును. ‘ఒరే’ యని పిలువబడిన వృద్ధుడు తనతో సమానుడని ఆ బాలునకు ఎవరు చెప్పిన నమ్మును?

చిన్న విషయములు ఎంతదూరము పోవునో ఆంధ్రదేశము చూచియే యున్నది. 1985 జూలైలో కారంచేడునందు దళితులు త్రాగునీరు తెచ్చుకొను చెరువు వద్ద పశువుల కుడితి బాల్చీ కడుగుటను ఆక్షేపించుటతో కలహము పుట్టెను. ఆరుగురు దళితులు హతులైరి. 1991 ఆగస్టులో చుండూరునందు చలనచిత్రశాలలో ఒక దళిత యువకుని కాలు మఱియొకనికి తగులుటతో రేగిన పగ ఎనిమిది ప్రాణములను బలిగొనెను. బాల్చీ కడుగుట, కాలు తగులుట, ఇంతే కారణములు. ‘వీడు నన్ను అడుగుటయా?’ యను ఉక్రోషము మాత్రము ఆ దినమున పుట్టినది గాదు. అది బాల్యముననే నాటబడినది.

చట్టము లేదా యందురేమో. కలదు. 1950 జనవరి 26న అమలునకు వచ్చిన రాజ్యాంగము 17వ అధికరణముచే అంటరానితనమును రద్దుచేసినది. 1989లో అత్యాచారముల నివారణ చట్టము వచ్చినది. కాని చట్టము కీడు జరిగిన పిదప వచ్చును, అదియు మెల్లగా వచ్చును. చుండూరు కేసున ప్రత్యేక న్యాయస్థానము తీర్పు చెప్పునప్పటికి 2007 వచ్చినది. ఆ శిక్షలను 2014లో ఉన్నత న్యాయస్థానము కొట్టివేసినది. కీడునకు ముందు చేరగలిగినది బడి యొక్కటియే. 1995 నవంబరు 16న యునెస్కో వెలువరించిన సహన ప్రకటనయు అసహనమును నివారించుటకు విద్యయే మిక్కిలి సమర్థమైన సాధనమని చెప్పినది.

అయితే బడియే ఊరికి అద్దమైనచో? 2023 ఆగస్టులో తమిళనాడునందలి నాంగునేరిలో ఒక దళిత విద్యార్థిని, అతని చెల్లెలిని తోడి విద్యార్థులే యింట జొరబడి కొడవండ్లతో నఱకిరి. తదుపరి నియమింపబడిన విశ్రాంత న్యాయమూర్తి చంద్రు సంఘము 2024 జూన్‌లో నివేదిక సమర్పించి, కులసూచకములగు రంగుల ముంజేతి పట్టీలను నిషేధింపవలెననియు, పాఠశాలల పేళ్లనుండి కులనామములను తొలగింపవలెననియు సూచించినది. ఇది పొరుగువారి సంగతి యని మనము ఊరకుండరాదు.

మన బడులు చేయదగిన పనులు కొన్ని కలవు. విద్యార్థివేతనములకై తరగతిలో కులము పేరెత్తి పిల్లలను నిలువబెట్టుట మానవలెను. మధ్యాహ్న భోజనమున అందఱు ఒకే పంక్తిని కూర్చుండవలెను. వంటవారి నియామకమున దళితులకు ప్రాధాన్య మీయవలెనని సుప్రీంకోర్టు 2004లోనే ఆదేశించినది. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2024లో ఈ పథకమునకు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టినది. గోదావరి లంకలలో ఆకలిగొన్నవారి కులమడుగక అన్నము పెట్టిన తల్లి పేరట వడ్డించు కూటిలో ‘ఈమె వండినది మా పిల్లవాడు తినడు’ అను మాట వినబడుట ఎంత సిగ్గుచేటు!

పాఠమును దాచుటకంటె విప్పి చెప్పుట మేలు. కులనింద గల సామెతను పుస్తకమున కొట్టివేసినంత మాత్రమున అది వీథిలో చావదు. అది ఎవరిని నొప్పించునో, ఎవరి లాభమునకై పుట్టినదో ఉపాధ్యాయుడు బాలురచేతనే చెప్పింపవలెను. జాషువాగారి ‘గబ్బిలము’ 1941లో వెలువడినది. దానిని ఛందస్సునకై మాత్రమే చెప్పి, కవి మేఘమును గాక గబ్బిలమునే ఏల దూతగా పంపెనో చెప్పకున్నచో ఆ పాఠము వ్యర్థము. తాను కాలిడరాని కోవెలలోనికి ఆ గబ్బిలము పోగలదు. హైదరాబాదున ఆది హిందువుల పిల్లలకు బడులు పెట్టిన భాగ్యరెడ్డివర్మగారి చరిత్రయు అన్ని కులముల బాలురకు తెలియవలెను.

తుదకు భూవసతి గల గృహస్థులకు మాదొక మనవి. పంతులు చేతిలో బిడ్డ యుండునది దినమునకు కొన్ని గంటలు. తక్కిన కాలమంతయు మీ యింటనే. బడిలో ‘అందఱు సమానులు’ అని వ్రాసి వచ్చిన బాలుడు మీ వాకిట మీరు పాలేరును పిలుచు పిలుపును వినును. రెంటిలో ఏది పరీక్షకై చెప్పినదో, ఏది బ్రతుకునకై చెప్పినదో వాడు వెంటనే గ్రహించును. కావున ఈ సంస్కరణమునకు ప్రభుత్వపుటుత్తరువు రానక్కఱలేదు, కానియైనను వ్యయము లేదు. రేపు ఉదయము మీ పొలమునకు వచ్చిన పెద్దవానిని మీ బిడ్డ వినునట్లు ‘మీరు’ అనుడు.