బాస్కెట్ బాల్‌లో అడ్డు నిలుచు విద్య

కోయిలకుంట్ల ప్రాంతపు బాలురకు చెడుగుడు చిన్ననాటి నుండి ఎరిగిన ఆట. కూతకు వచ్చినవానిని ఒడిసి పట్టుట అందులో గొప్ప. బాస్కెట్ బాల్ నేర్పునపుడు మొదట మాన్పింపవలసినది ఈ అలవాటునే యని మేము తలంతుము. 1891లో అమెరికాలో జేమ్స్ నైస్మిత్ ఈ ఆటను కల్పించినపుడే పట్టుటను, త్రోయుటను నిషేధించెను.

అయినను ప్రత్యర్థిని శరీరముతో అడ్డగించుటకు న్యాయమైన మార్గమొకటి కలదు. దానినే స్క్రీను అందురు. మన ఆటగానిని వెంటాడు ప్రత్యర్థి త్రోవలో మరియొకడు పోయి, కాళ్ళు ఎడముగా నుంచి, చేతులు రొమ్మున కానించి, స్తంభమువలె నిలుచును. ప్రత్యర్థి తాకునప్పటికి కదలుచున్నచో ఫౌలు ఇతనిదే. 5 ఫౌలులైనచో ఆట విడువవలసినదే! కదలక యున్నవానికి వెనుకనుండి అడ్డు నిలుచునపుడు ఒక అడుగు ఎడమీయవలెను.

నిలుచుట సులభమే, దానిని వాడుకొనుటయే కష్టము. బంతి గలవాడు తొందరపడి, తోడివాడు నిలద్రొక్కుకొనక మునుపే పరుగు తీయును. అందుచే మొదట బంతి లేకయే, నడకతో నేర్పుట మేలు. ముందుగా అవతలి వైపునకు రెండడుగులు వేసి ప్రత్యర్థిని ఏమరించి, పిమ్మట తోడివాని భుజమును రాచుకొనుచు సాగవలెను. నడుమ సందున్నచో ప్రత్యర్థి అందులోనే దూరును.

ప్రత్యర్థులిద్దరును బంతి వెంటబడినచో, అడ్డు నిలిచినవాడు వెనుదిరిగి, బంతిని చూచుచునే బుట్ట వైపు ఉరుకవలెను. అంతవరకు ఎవ్వరును గమనింపని వానికి బంతి అందునది అప్పుడే.