బొమ్మసైన్యములో కొలమానము

1815 నాటి వాటర్లూ యుద్ధమును చిన్న బొమ్మలతో బల్లపై నడిపించు క్రీడ కలదు. అందు ఒకే దళమున, అసలు మనిషిలో 72వ వంతు, 56వ వంతు బొమ్మలను కలుపవచ్చునా? 180 సెంటీమీటర్ల సైనికుడు మొదటి కొలమానమున 25 మిల్లీమీటర్లు, రెండవదానిలో 32 మిల్లీమీటర్లు ఉండును. మనుష్యులలో పొట్టి, పొడుగు సహజమే గదా అని తోచవచ్చును. కాని ఫ్రెంచి దళమున తుపాకులు దాదాపు ఒకే పొడవువి. సుమారు 150 సెంటీమీటర్ల ఆ తుపాకి ఒక బొమ్మ చేత 21, మరొక బొమ్మ చేత 27 మిల్లీమీటర్లగును. అంతేకాక, పొడవు 1.29 రెట్లయినచో ఘనపరిమాణము 2.1 రెట్లగును. అందుచేతనే పెద్ద బొమ్మ పొడగరివలె గాక రాక్షసునివలె కనబడును. కనుక బొమ్మలను కలుపుటకు ముందు మనిషిని గాక తుపాకిని కొలిచి చూడవలెను. కొలత కుదరనిచో వేర్వేరు దళములుగా ఎడముగా నిలుపుట మేలు.